మెట్ల దగ్గరే ఆగిపోయిన చట్టం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వికలాంగుల గురించి మాట వస్తే అది పింఛను దగ్గర మొదలై పింఛను దగ్గరే ముగుస్తుంది. అందుకు కారణం లేకపోలేదు. 2024 జులై నుంచి రాష్ట్ర ప్రభుత్వ ఎన్టీఆర్ భరోసా పథకం కింద వికలాంగుల పింఛను నెలకు 3,000 రూపాయల నుంచి 6,000కు పెరిగింది. మంచం దిగలేని స్థితిలో ఉన్నవారికి 15,000 ఇస్తున్నారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో డయాలసిస్ మీద బతుకుతున్న కిడ్నీ రోగులకు 10,000 అందుతోంది. వానను నమ్ముకున్న సేద్యం, వలస కూలి తప్ప వేరే ఆధారం లేని ఊళ్ళలో ఈ డబ్బుతోనే బియ్యం వస్తాయి, మందులు వస్తాయి. ఒకటో తారీఖున గ్రామ సచివాలయ ఉద్యోగి ఇంటికే వచ్చి చేతిలో పెడుతున్నాడు. ఇది చిన్న సంగతి కాదు.

అదే మనిషి ఇంటి స్థలం సంగతి తేల్చుకోవడానికి సచివాలయానికి వెళ్ళాలనుకుంటే? మా వీధికి కుళాయి ఎందుకు రాలేదని గ్రామసభలో అడగాలనుకుంటే? తన పేరున ఉన్న పొలం కాగితంలో ఏముందో తహశీల్దారు కార్యాలయంలో ఎవరిచేతనైనా చదివించుకోవాలనుకుంటే? పింఛను ఇచ్చేటప్పుడు గడప దాకా నడిచొచ్చిన ప్రభుత్వం అప్పుడు మెట్ల పైన కూర్చుని ఉంటుంది. కాళ్ళు లేనివాడు పైకి ఎక్కలేడు. చెవులు లేనివాడికి లోపలి మాట అందదు. సవర తప్ప మరో భాష సరిగా రాని ముసలామెకు రెండూ ఉన్నా పని జరగదు. వీళ్ళందరికీ అడిగే హక్కు ఉంది. ఆ హక్కును చట్టం ఎంతవరకు రాసింది, మన రెండు జిల్లాల్లో అది ఎక్కడ ఆగింది అన్నదే ఇక్కడ చూడవలసిన విషయం.

పార్లమెంటు 2016 డిసెంబరులో ఆమోదించిన వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చింది. 1995 నాటి పాత చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించింది. కొత్తది 21 రకాలను చేర్చుకుంది. మన్యం ఊళ్ళలో కనిపించే సికిల్ సెల్ జబ్బు కూడా వాటిలో ఉంది. అయితే అంకె పెరగడం కన్నా ముఖ్యమైన మార్పు మరొకటి జరిగింది. ఒక్కొక్క మనిషికి అతని అవసరాన్ని బట్టి తగిన సర్దుబాటు చేయడం ప్రభుత్వ బాధ్యత అని చట్టం మూడో సెక్షన్‌లోనే రాసింది. కార్యాలయానికి మోయలేనంత భారం కానంతవరకు ఆ సర్దుబాటు చేసి తీరాలి. ర్యాంపు అందరి కోసం కట్టేది. కానీ ‘నేను మేడ ఎక్కలేను, మీరు కిందికి వచ్చి నా అర్జీ తీసుకోండి’ అని ఒక మనిషి అడగడం, దానికి అధికారి ఒప్పుకోవడం ఈ సర్దుబాటు కిందికి వస్తాయి. దీనికి పైసా ఖర్చు లేదు. అయినా మన దగ్గర అన్నిటికన్నా తక్కువమందికి తెలిసిన హక్కు ఇదే.

దీనికి 40 శాతం వైకల్యం ఉండాలన్న అపోహ ఒకటి గట్టిగా పాతుకుపోయింది. పింఛనుకు, ఉద్యోగాల్లో నాలుగు శాతం రిజర్వేషన్‌కు ఆ కొలత ఉంది. తగిన సర్దుబాటుకు లేదు. రాయడానికి చెయ్యి సహకరించని ఒక అభ్యర్థి సివిల్స్ పరీక్షలో లేఖకుడిని అడిగితే, వైకల్యం ఆరు శాతమే కదా అన్నారు. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వికాస్ కుమార్ కేసులో ఆ వాదనను తోసిపుచ్చింది. వైకల్య శాతం చెప్పే సదరం సర్టిఫికెట్ మీద 35 శాతం అని పడిన మనిషి పింఛను అడగలేకపోవచ్చు, తన అర్జీని పెద్ద అక్షరాల్లో ఇమ్మని మాత్రం అడగవచ్చు.

భవనాల సంగతి చూద్దాం. ఇప్పటికే ఉన్న ప్రజా భవనాలన్నింటినీ చట్టం కింది నియమావళి వచ్చిన ఐదేళ్ళలోగా అందరికీ అందుబాటులోకి తేవాలని 45వ సెక్షన్ చెప్పింది. నియమావళి 2017 జూన్‌లో వచ్చింది, అంటే గడువు 2022 జూన్‌తోనే తీరిపోయింది. 2019 అక్టోబరు 2న సచివాలయ వ్యవస్థ మొదలైనప్పుడు ఊరికో కార్యాలయం వచ్చింది. వికలాంగుడికి మండల కేంద్రం దాకా పోయే బాధ తప్పింది, నిజమే. కానీ పట్టణాల్లో అద్దె ఇళ్ళలో నడిచే వార్డు సచివాలయాలకు మేడ మెట్లే దారి అయిన చోట్లు ఉన్నాయి. కొత్తగా కట్టిన వాటికి ర్యాంపు ఉంది, అది ఎలా ఉందో దగ్గరికి వెళ్ళి చూడాలి. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్నది ప్రమాణం. మూడు మెట్లంటే అడుగున్నర ఎత్తు. దానికి పద్దెనిమిది అడుగుల వాలు కావాలి, రెండు పక్కలా పట్టుకోవడానికి కమ్మీలు కావాలి, పైన తలుపు ముందు బండి తిప్పుకునే జాగా ఉండాలి. మన దగ్గర ఎక్కువగా కనిపించేది ఆరేడు అడుగుల్లో ముగిసిపోయే నున్నటి సిమెంటు జారుడు. మోటారు సైకిల్ ఎక్కించుకోవడానికి అది బాగా పనికొస్తుంది. ఎవరూ తోయకుండా మూడు చక్రాల బండిని తానే నడుపుకునే మనిషి సగం దాకా వెళ్ళి వెనక్కి జారతాడు. వాన రోజున అసలు ఎక్కలేడు. ర్యాంపు మొదట్లోనే రెండు బళ్ళు అడ్డంగా నిలిపి ఉంటే ఆ సగం కూడా లేదు. బిల్లు మంజూరైంది, ఫొటో తీశారు, తనిఖీ కాగితంలో ‘ఉంది’ అని రాశారు. బండిలో కూర్చున్న మనిషిని ఒకసారి ఎక్కి చూడమని అడిగి ఉంటే ఆ మాట రాసేవారు కాదు.

ఈ లెక్కలేనితనానికి పై స్థాయిలోనే ఒక మూలం ఉంది. చూపులేని రాజీవ్ రతూరి 2005లో వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న తీర్పు ఇచ్చింది. అందుబాటు ప్రమాణాలను తప్పనిసరి చేయకుండా సలహాల మాదిరిగా వదిలేసిన 2017 నియమావళిలోని 15వ నియమం చట్టానికే విరుద్ధమని తేల్చి, మూడు నెలల్లో తప్పనిసరి నియమాలు రాయమని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ కేసులో కోర్టుకు క్షేత్ర పరిస్థితి మీద నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రమే. సలహా కాబట్టి పాటించకపోయినా అడిగేవాడు లేడన్న ధీమాకు ఆ తీర్పుతో కాలం చెల్లింది.

చెవిటివారి పరిస్థితి ఇంతకన్నా కష్టం, ఎందుకంటే వాళ్ళకు ఎదురయ్యే మెట్లు కంటికి కనిపించవు. గ్రామసభ కబురు ఊళ్ళో దండోరాతోనో మైకుతోనో వెళ్తుంది. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టారు. ఉపాధి హామీ పనుల మీద ఊరి మాట అడిగారు. మంచి పనే. కానీ దండోరా చెవిటివాడికి వినపడదు, గోడమీద అతికించిన నోటీసు గుడ్డివాడికి కనపడదు. సభలో ఎవరు ఏమన్నారో సైగలతో చెప్పే మనిషి ఉండడు. ఢిల్లీలో భారతీయ సంజ్ఞాభాషా పరిశోధన, శిక్షణ కేంద్రాన్ని 2015లో పెట్టారు. వేల పదాలతో నిఘంటువు కూడా వచ్చింది. ఆ భాష తెలిసినవాళ్ళు మన రెండు జిల్లాల్లో ప్రత్యేక పాఠశాలల ఉపాధ్యాయుల్లో కొందరున్నారు. వాళ్ళ పేర్లు ఒక జాబితాగా రాసి, పిలిస్తే ఎంత ఇస్తారో తేల్చి, ప్రతి మండలానికి పంపడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.

జాబితా లేనప్పుడు ఏం జరుగుతుందో సోమవారం నాడు కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక దగ్గర నిలబడితే తెలుస్తుంది. మాట్లాడలేని ఒక తల్లి అర్జీ పట్టుకుని వరుసలో ఉంటుంది. వెనకనుంచి కొడుకో, కోడలో ముందుకొచ్చి ‘మా యమ్మకి సెవులు ఇనపడవు బావూ, నాను సెప్తాను’ అంటారు. అధికారికి హాయి, పని త్వరగా అవుతుంది. ఆమె ఫిర్యాదు ఆ కొడుకు మీదే అయితే? తల్లి పేరున ఉన్న ఇరవై సెంట్లు రాయించుకుని అన్నం పెట్టకపోవడమే ఆమె గోడు అయితే? ఆమె చేతులు ఏదో చెబుతూనే ఉంటాయి. అధికారి చూపు మాత్రం మాట్లాడేవాడి మీదే ఉంటుంది. బంధువు దుభాషీగా ఉన్నచోట అసలు మనిషి మాట పోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అందుకే చట్టం కొన్నిచోట్ల ఈ జాగ్రత్త ముందే తీసుకుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, లైంగిక నేరానికి గురైన స్త్రీకి వైకల్యం ఉంటే పోలీసులే ఆమె ఇంటికో ఆమె కోరిన చోటుకో వెళ్ళి, దుభాషీనో ప్రత్యేక ఉపాధ్యాయులనో పక్కన పెట్టుకుని ఫిర్యాదు రాసుకోవాలి, దాన్ని వీడియో తీయాలి. పోలీసు స్టేషన్‌కు పెట్టిన ఆ నియమం రెవెన్యూ కార్యాలయానికి ఎందుకు వద్దు?

కలెక్టర్లు కుర్చీ దిగి వచ్చి నేలమీద కూర్చున్న వికలాంగుడి దగ్గర అర్జీ తీసుకున్న ఫొటోలు పేపర్లలో వస్తుంటాయి. వాళ్ళ మంచితనాన్ని తక్కువ చేయకూడదు. ఆ కలెక్టరు బదిలీ అయిపోతే ఆ మంచితనం కూడా వెళ్ళిపోవడమే బాధ.

ఇలాంటి మంచితనానికి విజయనగరంలో వందేళ్ళు దాటిన కథ ఒకటి ఉంది. ఆస్థానంలో పనిచేసే చాగంటి జోగారావు కొడుకు గంగబాబుకు చూపు లేదు, సంగీతమంటే ప్రాణం. ఆ అబ్బాయికి చదువు చెప్పించే దారి చూపమని తండ్రి విజయనగరం రాజు విజయరామ గజపతిరాజును అడిగారు. ఆయన 1919లో ఏకంగా సంగీత కళాశాలే పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్. చూపు మందగించిన ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడే వయొలిన్ ఆచార్యుడై తర్వాత ప్రిన్సిపాల్ కూడా అయ్యారు. ఘంటసాల ఆ కళాశాలలోనే నేర్చుకున్నారు. ఒక గుడ్డి పిల్లవాడి కోసం చేసిన ఏర్పాటు తెలుగు సంగీతానికంతటికీ దక్కింది. వికలాంగుల కోసం ఖర్చు పెడితే కొద్దిమందికే కదా అనేవాళ్ళు ఆ కళాశాల ముందు కాసేపు నిలబడాలి. అయితే అది రాజు దయ. ఆయన కాదని ఉంటే అడగడానికి మరో చోటు లేదు. ఇప్పుడు చోటు ఉంది, దాన్ని వాడుకోవడం మనకింకా అలవాటు కాలేదు.

భాష విషయానికి వస్తే ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస ప్రాంతాల్లో ఒడియా ఇంటి భాషగా ఉన్న కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. మందస, మెళియాపుట్టి, పాతపట్నం కొండల్లో సవర గిరిజనులున్నారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పుడు సీతంపేట, అక్కడి గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ)తో సహా పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళింది. శ్రీకాకుళంలో మిగిలిన సవర గూడేలకు తమ భాష కాస్తో కూస్తో విన్న కార్యాలయం పక్క జిల్లాకు పోయింది. అటవీ హక్కుల చట్టం కింద పోడు పట్టా అడగాలంటే గ్రామసభ తీర్మానం కావాలి, దరఖాస్తు నింపాలి, సర్వే నాడు హద్దులు చెప్పాలి. అందులో ఒక్క మాట తప్పుగా పడితే భూమి పోతుంది.

రాజ్యాంగంలోని 350వ అధికరణం ఏ వ్యక్తి అయినా తన గోడును కేంద్రంలోనో రాష్ట్రంలోనో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా రాసుకోవచ్చని చెప్పింది. భాషా అల్పసంఖ్యాకుల రక్షణ కోసం 1956లో కేంద్రం ఒక పత్రం తయారుచేసింది. ఒక మున్సిపాలిటీలోనో తాలూకాలోనో పదిహేను, ఇరవై శాతం మంది మాట్లాడే భాషలో ముఖ్యమైన నోటీసులు వేయడం మంచిదని అందులో ఉంది. ఇచ్ఛాపురంలో పన్ను నోటీసు కింద నాలుగు ఒడియా వాక్యాలు వేయడానికి అడ్డేముంది? సవరకైతే రాత కన్నా నోటి మాట ముఖ్యం. సవర పిల్లలు చదువుకుని సచివాలయ ఉద్యోగాల్లోకి వస్తున్నారు. వాళ్ళలో ఒకరిని వారంలో ఫలానా రోజు ఫలానా చోట ఉంటారని ప్రకటించి, దుభాషీ పనికి కొంత భత్యం ఇస్తే చాలు.

ఈ నేల మీద సవర మాట వినే పని మొదట చేసింది ప్రభుత్వం కాదు, ఒక బడిపంతులు. 1863లో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉద్యోగం చేస్తూ సవర నేర్చుకున్నారు, సవర పిల్లలకు పాఠ్యపుస్తకాలు రాశారు, బడులు నడిపారు. 1930లలో మద్రాసు ప్రభుత్వం ఆయన సవర వ్యాకరణాన్నీ నిఘంటువునూ అచ్చువేసింది. ఆయన జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజు దండలు వేసే కార్యాలయాల్లో సవర ముసలమ్మ మాట వినే మనిషి లేకపోవడం నాకు కష్టంగా ఉంటుంది.

తెలుగువాడికి కూడా తన ఊరి కార్యాలయంలో భాషా సాయం అవసరమే. సర్టిఫికెట్ ఇంగ్లీషులో వస్తుంది. తిరస్కరణకు కారణం ఫోన్‌కు ఇంగ్లీషు ముక్కల్లో వస్తుంది. 2025లో వికలాంగ పింఛన్లను మళ్ళీ తనిఖీ చేసినప్పుడు నోటీసు అందుకున్న ఎందరికో అందులో ఏముందో, అప్పీలు ఎక్కడ చేయాలో ఇంకొకరు చదివి చెప్పాల్సి వచ్చింది. మళ్ళీ పరీక్షకు వెళ్ళాలంటే దూరం ఒకటి, ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం 130 కిలోమీటర్లకు పైమాటే. మానసిక వైకల్యమైతే విశాఖ ఆసుపత్రి దాకా వెళ్ళాల్సిన సందర్భాలూ ఉన్నాయి. నడవలేని మనిషిని ఆటోలో, రైల్లో అంత దూరం మోసుకెళ్ళి ‘అవును, ఇతను నడవలేడు’ అనిపించుకోవడం ఏ న్యాయం? 2024 మే 13 పోలింగుకు ముందు, 85 ఏళ్ళు దాటినవాళ్ళ ఇళ్ళకూ, 40 శాతం వైకల్యం ఉండి కోరుకున్నవాళ్ళ ఇళ్ళకూ ఎన్నికల సిబ్బంది పెట్టె పట్టుకుని వెళ్ళి ఓటు వేయించుకున్నారు. ఓటుకు వెళ్ళగలిగిన బృందం తనిఖీకీ వెళ్ళగలదు.

ఫోన్‌లో సేవలు వచ్చాక కొంత మేలు జరిగింది. 2025 జనవరి 30న మొదలైన ‘మన మిత్ర’ వాట్సాప్ సేవ చదువుకున్న చెవిటివారికి వరమే, నోరు విప్పకుండా పని జరుగుతుంది. చూపులేనివారి మాట వేరు. ఫోన్ చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు స్కాన్ చేసిన కాగితం ఉట్టి బొమ్మగానే కనపడుతుంది. కుష్ఠు నయమై వేళ్ళు మొద్దుబారినవాళ్ళకు వేలిముద్ర పడదు. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు యాసిడ్ దాడి బాధితులు, చూపులేనివారు వేసిన కేసుల్లో ఈ డిజిటల్ దారిని అందరికీ అందేలా చేయడం జీవించే హక్కులో భాగమేనని తేల్చింది. యంత్రం ఒప్పుకోలేదన్న జవాబుతో ఇక మనిషిని తిప్పి పంపకూడదు.

అమెరికాలో ఉంటున్న మన ప్రాంతపు కుటుంబాలకు ఒక చిన్న విషయం తెలిసే ఉంటుంది. అక్కడ నగర సభ సమావేశానికి నోటీసు వేస్తే, చాలాచోట్ల దాని అడుగున ఒక వాక్యం ఉంటుంది. వైకల్యం వల్లనో భాష వల్లనో సాయం కావలసినవారు ఇన్ని గంటల ముందు ఫలానా నంబరుకు చెప్పండి అని. 1990 నాటి వికలాంగుల చట్టం కింద యాభై మంది గాని అంతకు మించి గాని ఉద్యోగులున్న ప్రతి స్థానిక సంస్థ ఈ పనికి ఒక అధికారిని పెట్టాలి. భాషా సాయానికి మాత్రం అక్కడ 2000 నాటి అధ్యక్షుడి ఉత్తర్వు ఒక ఆధారంగా ఉండేది, 2025 మార్చిలో మరో అధ్యక్షుడు దాన్ని రద్దు చేశాడు. ఉత్తర్వుతో వచ్చిన ఆధారం ఉత్తర్వుతోనే పోయింది. వైకల్య సదుపాయం విషయంలో మన పునాది అంతకన్నా గట్టిది, అది పార్లమెంటు చేసిన చట్టంలోనే ఉంది.

ఆ పునాదిని వాడుకునే దారి కూడా సూటిగానే ఉంది. నోటితో అడిగితే మంచి ఉద్యోగి చేస్తాడు, చెడ్డవాడు చేయడు, రెండింటికీ ఆనవాలు మిగలదు. రాసి అడగాలి. ‘నాకు వినపడదు. ఫలానా తేదీ విచారణకు సంజ్ఞాభాష తెలిసిన వ్యక్తిని ఏర్పాటు చేయండి. వికలాంగుల హక్కుల చట్టం 2016, మూడో సెక్షన్ ప్రకారం కోరుతున్నాను. వీలుకాకపోతే కారణం రాసి ఇవ్వండి’ అన్న నాలుగు వాక్యాలు చాలు. కింద తేదీ, సంతకం పెట్టి రసీదు తీసుకోవాలి. వివక్ష జరిగిందని ఫిర్యాదు అందితే కార్యాలయ అధిపతి చర్య తీసుకోవాలి, లేదా తాను చేసింది ఎందుకు సబబో రాతలో చెప్పాలి అని 2017 కేంద్ర నియమావళి మూడో నియమంలో ఉంది. దానితో తృప్తి లేకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు రాయవచ్చు, అరవై రోజుల్లో తేల్చాలి. కమిషనర్‌కు సివిల్ కోర్టు అధికారాలున్నాయి. చట్టాన్ని మీరితే మొదటిసారి పదివేల దాకా జరిమానా, మళ్ళీ మీరితే యాభైవేల నుంచి ఐదు లక్షల దాకా. రాయలేనివారి సంగతి సమాచార హక్కు చట్టం 2005లోనే చెప్పింది, నోటితో చెప్పిన దరఖాస్తును కాగితం మీద పెట్టడానికి సమాచార అధికారే సాయపడాలి.

ఒకరిద్దరు రాస్తే కార్యాలయం మారదు. మండలానికి పది అర్జీలు, పది రసీదులు ఉంటే జిల్లా యంత్రాంగం ఒక పద్ధతి పెట్టక తప్పదు. వికలాంగుల సంఘాలు పింఛను కోసం చేసిన పోరాటంలో పదోవంతు శ్రమ దీనికి పెడితే చాలు.

సర్పంచులకూ, పంచాయతీ కార్యదర్శులకూ నా విన్నపం ఒక్కటే. మీ ఊరి తర్వాతి గ్రామసభ నోటీసు అడుగున ‘నడవలేనివారు, వినలేనివారు, చూడలేనివారు, తెలుగు రానివారు సాయం కావాలంటే మూడు రోజుల ముందు ఈ నంబరుకు చెప్పండి’ అని రాయించండి. చెవిటివారి ఇళ్ళకు ఆ నోటీసు చేతికి ఇచ్చి రమ్మనండి. సభను మెట్లు లేని చోట పెట్టండి. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.